జానకి కుడుములు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో, కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ డబ్బాతో నిలబడి ఉంది. "ఆంటీ, మా బాబు కూర్చున్నాడు. కుడుములు పంచమని మా అత్తగారు ఫోన్ చేసి చెప్పారు" అంది. డబ్బా మూత మీద స్వగృహ ఫుడ్స్ స్టిక్కరు. లోపల కుడుములన్నీ ఒకే సైజులో, స్కూలు పిల్లల్లా వరసలో ఉన్నాయి. ఎప్పుడు కూర్చున్నాడమ్మా అంటే, నిన్న సాయంత్రం అని, ఫోన్లో యాప్ కూడా ఈ నెలలోనే కూర్చుంటాడని చెప్పిందని సంబరంగా చెప్పింది. యాప్ మాట జవదాటని బాబు, ఆ తల్లి అదృష్టవంతురాలు. ఆ అమ్మాయి లిఫ్టెక్కి వెళ్ళాక ఒక కుడుము కొరికాను. మెత్తగానే ఉంది, ఉప్పూ సరిపోయింది, వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా రెండో ముక్క కొరకలేదు. ఈ కూర్మన్నపాలెం ఫ్లాటులో కూర్చుని నేను మల్కాపురంలో మా పాత వాటా ముందున్న ఇసక కుప్పని చూస్తున్నాను.

మా వైపు, అంటే గోదావరి లంకల వైపు, పిల్లల ఎదుగుదలకి లెక్కంతా పిండివంటల్లోనే ఉంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఎవరింట్లోంచి ఏ వంట వచ్చిందో చూస్తే ఎవరి పిల్లలు ఎంతవరకు వచ్చారో వీధి వీధంతా తెలిసిపోతుంది. అలా తెలిసిపోవడంలో ఉన్న ముచ్చట గురించి అందరూ చెబుతారు. అందులో ఉన్న బాధ మాత్రం కూర్చోవలసిన వేళకి పిల్ల కూర్చోని తల్లిని అడగాలి. ఆ బాధ నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మా ఆయనకి పోర్టులో క్రేన్ల మీద పని. పెళ్ళయిన కొత్తలో మల్కాపురంలో ఒక పొడుగాటి పెంకుటింట్లో వాటా తీసుకున్నాం. ముందు అందరికీ కలిపి ఒకటే అరుగు, చివర ఒకటే కుళాయి. దాన్ని అందరూ లైను అనేవారు. గాలి సముద్రం మీద నుంచి వస్తే ఉప్పు వాసన, అటు తిరిగితే ఆయిలు వాసన. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి అంచుల మీద ఎర్రటి ఖనిజం పొడి. లంకల్లో కొబ్బరి తోటల మధ్య పెరిగిన నాకు ఈ ఊరు మొదట్లో బొత్తిగా పడలేదు. ఓడ కూత కూసినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. ఆ కూత విని టైము చెప్పడం నేర్చుకున్నాక ఊరు నాదైంది.

మా పక్క వాటా అప్పలనరసమ్మది. మొగుడు పోర్టులో కలాసీ. తను పొద్దున్నే రేవుకి వెళ్ళి చేపలు తెచ్చి, గంపలో పెట్టుకుని నాలుగు వీధులూ తిరిగి అమ్మి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేది. నన్ను "సెల్లీ" అనేది, మా అత్తగారిని "పెద్దమ్మా" అనేది. లైను చివరి వాటాలో మెహరున్నీసా ఉండేది. ఆవిడ భర్తకి పాత ఊళ్ళో టైలరింగ్ షాపు. మిగిలిన వాళ్ళంతా ఏదో ఒక షిఫ్టుకి మొగుళ్ళని పంపి, ఏదో ఒక షిఫ్టు నుంచి వచ్చేవాళ్ళ కోసం అన్నం మూత పెట్టి ఎదురుచూసే ఆడవాళ్ళు. అందరి తలుపులూ పగలంతా తీసే ఉండేవి. ఉక్కపోత ఒక కారణం, ఒకరి సంగతి ఒకరికి కావాలి, అది రెండో కారణం.

మా అత్తగారు నా పురిటికని రాజోలు వైపు నుంచి వచ్చి, ఉండిపోయింది. మంచి మనిషే కానీ నోరు మాత్రం పచ్చిమిరపకాయ. నేను పోపు పెడితే ఆవాలు మాడాయనేది, మాడకపోతే చిటపటలాడలేదనేది. రంపపు పొట్టు పొయ్యి కూరడం నాకు రాదని లైనంతా చాటింది. కళ్ళకి శుక్లాలు వస్తున్నా ఒప్పుకునేది కాదు. "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి, మీ ఊరి గాల్లోనే మసి ఉంది" అనేది. మా పాప జానకి పుట్టాక ఆవిడ లోకం అంతా ఆ పిల్లే అయింది. పాప బోర్లా పడిన రోజున ఆవిడ చేసిన బొబ్బట్లకి లైనులో ఇప్పటికీ పేరుందంటే అబద్ధం కాదు.

ఆ మర్నాడే కుడుముల కోసం రవ్వ సిద్ధం చేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న తిరగలి గోడవారన వేసుకుని, కడిగి ఆరబెట్టిన బియ్యాన్ని గుప్పెడు గుప్పెడు పోస్తూ విసిరింది. రవ్వ మరీ సన్నగా ఉంటే కుడుము జిగురవుతుంది, మరీ బరకైతే విరుగుతుంది, ఆవిడ వేళ్ళ మధ్య నలిపి చూసి జల్లించి డబ్బాలో పోసింది. "మనవరాలు కూర్చున్న రోజున బియ్యం వెతుక్కోవడం ఏవిటమ్మా, ఉత్తరక్షణం పొయ్యి మీద ఎసరు పడిపోవాలి" అంది. డబ్బా అటక మీదికి ఎక్కింది. నెల గడిచింది, రెండు గడిచాయి. రవ్వకి పురుగు పట్టింది. ఏమీ అనకుండా జల్లించి ఉప్మా చేసేసి, మళ్ళీ కొత్త రవ్వ విసిరింది. దానికీ పురుగు పట్టింది, మూడోసారి విసిరింది. జానకి మాత్రం ఎలా కూర్చోబెడితే అలా పక్కకి వాలిపోయేది. నవ్వేది, ఆటబొమ్మ కోసం చెయ్యి చాచేది, మనుషుల్ని గుర్తుపట్టేది. నడుము మాత్రం నిలిచేది కాదు.

జానకి కంటే వెనక పుట్టిన పిల్లలు లైనులో కూర్చున్నారు. ఆ ఇళ్ళ నుంచి మాకు కుడుములు వచ్చాయి. ఇచ్చేవాళ్ళు తలొంచుకుని ఇచ్చేవారు, ఏదో తప్పు చేస్తున్నట్టు. అది మరీ భరించలేకపోయేదాన్ని. మా అత్తగారు మాత్రం తీసుకుని, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని అందులో గుప్పెడు పంచదార వేసి ఇచ్చేది. పెద్దాసుపత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరమ్మ పాపని అటూ ఇటూ తిప్పి చూసి, వెన్నులో బలం తక్కువగా ఉందని చెప్పింది. కొంతమంది పిల్లలకి ఆలస్యమవుతుందట, బాగా నూనె రాసి మర్దనా చెయ్యాలట, ఇంకొన్నాళ్ళు చూద్దామంది. "కూర్చోకపోతే?" అని అడిగాను. "అప్పుడు ఆలోచిద్దాం" అంది. బస్సులో ఇంటికొచ్చేంతవరకు ఆ అప్పుడు అనే మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. కూర్చోని పిల్ల నిలబడదు, నిలబడనిది నడవదు, నడవని ఆడపిల్లని ఈ లోకం ఏం చేస్తుందో నాకు తెలుసు. అత్తగారికి మాత్రం "ఇంకొన్నాళ్ళు చూడమన్నారు" అని సగమే చెప్పాను.

ఆ వారంలోనే ఒకరోజు కిరసనాయిలు ఇస్తున్నారంటే డబ్బా పట్టుకుని క్యూకి వెళ్ళాను. క్యూ అంటే తెలిసిందే, వెళ్ళేటప్పుడు నెత్తిన ఎండ, వచ్చేటప్పటికి ఎండ లేదు. తిరిగి లైనులో అడుగు పెట్టేసరికి అరుగు మీద ఆడవాళ్ళందరూ నా వైపే చూసి నవ్వుతున్నారు. మెహరున్నీసా ఎదురొచ్చి నా బుగ్గ పట్టుకుంది. "ముబారక్ అమ్మా, జానకి కూర్చుందంట కదా. మీ అత్త వేడి వేడిగా కుడుములిచ్చింది" అంది. చేతిలో డబ్బా ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. పరుగెత్తాను.

ఇల్లంతా కుడుముల ఆవిరి. ఇత్తడి గుండిగ మూతికి కట్టిన తడిగుడ్డ ఇంకా విప్పలేదు. నానిన శనగపప్పు, జీలకర్ర, పచ్చికొబ్బరి కలిసిన ఆ వాసన కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూశానో. మా అత్తగారు పెట్టెలో అడుగునున్న పట్టుచీర కట్టుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడి ఉంది. "చూసేవా, నేను చెప్పలేదూ. నా కళ్ళారా చూసేనే. తువ్వాలు మీద రాణీలా కూర్చుని గిలక ఆడిస్తోంది" అంది. నిద్రలేచి ఉన్న జానకిని ఎత్తుకుని ముద్దులు పెట్టి, చాప మీద కూర్చోబెట్టి చెయ్యి వదిలాను. పక్కకి వాలిపోయింది. మళ్ళీ కూర్చోబెట్టాను. మళ్ళీ వాలింది. ఈలోగా లైనులో వాళ్ళంతా పిల్లని చూద్దామని గుమ్మం దగ్గరికి చేరారు. వాళ్ళ ముందు మూడోసారి.

"ఇందాకా కూర్చుందే" అంది మా అత్తగారు. "ఇసక కుప్ప దగ్గర, పచ్చ తువ్వాలు మీద కూర్చుంది, నేను కుళాయి దగ్గర నుంచి చూసేను."

అప్పలనరసమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది. తర్వాత మెల్లగా, "ఓలమ్మ, అదేటి పెద్దమ్మా. నాను ఇసకలో గొయ్యి తీసి కూకోబెట్టినాను గదా. నడుందాకా ఇసకే. సీమలు కుడతాయని పైన తువ్వాలు పరిసినాను" అంది. ఇంటివాళ్ళు కొత్త వాటా కట్టడానికి పోయించిన ఇసక అది. రేవు వాళ్ళ ఇళ్ళల్లో నడుం నిలవని పిల్లల్ని అలా ఇసకలో కూర్చోబెట్టడం మామూలేనట. అత్తగారు నీళ్ళకి వెళుతూ పిల్లని కాసేపు చూడమని ఇస్తే అప్పలనరసమ్మ ఆ పని చేసింది. పిల్లకి నిద్ర రాగానే తీసి కడిగి లోపల పడుకోబెట్టి, తన ఇంటికి వెళ్ళిపోయింది. కుడుములు వచ్చినప్పుడు, తర్వాత ఇంట్లో తనంతట తనే కూర్చుంది కాబోలు అనుకుని తినేసింది. మా అత్తగారి శుక్లాల కళ్ళకి దూరం నుంచి తువ్వాలు కనిపించింది, ఇసక కనిపించలేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో. ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. మా అత్తగారు పట్టుచీరతోనే గడప మీద కూలబడింది. మా వైపు ఒక నమ్మకం ఉంది, జరగకముందే పంచితే ఆ జరగవలసింది జరగదని. ఆవిడ ఆ మాట పైకి అనలేదు, నేనూ అనలేదు. నాకు ఆవిడ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. శుక్లాలు తీయించుకోమని ఎన్నిసార్లు చెప్పాం. కానీ ఆవిడ "ఊరందరికీ అబద్ధం పంచేనమ్మా. పిల్ల నోటికాడ కుడుము నేనే లాగేసేను" అనేసరికి, ఆ కోపం ఎటు పోయిందో పోయింది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతవరకు మేమిద్దరం ఎప్పుడూ చేతులు పట్టుకున్నవాళ్ళం కాదు.

ఆ రోజు నుంచి ఆవిడ నోరు మూతపడింది. పోపు మాడినా అనదు, మాడకపోయినా అనదు. తిరగలి మీద గోనె కప్పేసింది. ఒక పిల్లకి రెండుసార్లు కుడుములు పొయ్యి ఎక్కించరాదని, ఇక తన చేత్తో చేసేది లేదని తేల్చి చెప్పింది. ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు ఆవిడ సాధింపుల కంటే పెద్ద శిక్ష అయింది.

మర్నాడు మధ్యాహ్నం గంప దించి, చేతులు కడుక్కుని అప్పలనరసమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. "పెద్దమ్మా, పిల్లనియ్యి" అంది. మా అత్తగారు మొహం తిప్పుకుంది. "ఎందుకమ్మా, అయిపోయింది కదా" అంది. "ఏటి అయిపోయింది? నీ కుడుములు తినీసినాం. తినీసి సేతులు తుడిసేసుకుని ఊరుకుంటామేటి? పిల్ల కూకోవాల, మేం తిన్నది అరగాల" అని, జవాబు కోసం చూడకుండా జానకిని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అది లైను పని అయిపోయింది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం ఎలాగో, జానకిని ఇసకలో కూర్చోబెట్టడం అలాగ. ఎవరికి తీరికైతే వాళ్ళు గొయ్యి తీసేవారు, ఎవరికి వంట అయిపోతే వాళ్ళు ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టేవారు. మొదట్లో ఇసక నడుము పైదాకా ఉండేది. అప్పలనరసమ్మ రోజూ అందులోంచి దోసెడు తీసేసేది, అంతే, దోసెడే. "ఒక్కపాలి తీసీకూడదు సెల్లీ, పిల్లకి తెలిసిపోద్ది" అనేది. వాన పట్టిన రోజుల్లో మెహరున్నీసా తన ఇంట్లో, షాపు నుంచి వచ్చిన గుడ్డ ముక్కలన్నీ మూటలు కట్టి పాప చుట్టూ పేర్చేది. రంగురంగుల ముక్కల మధ్య జానకి పెళ్ళికూతురిలా ఉండేది. పొద్దున్నే నేను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాసి వెన్ను రుద్దేదాన్ని. మా అత్తగారు వీటిలో దేనికీ వచ్చేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని అటు వైపు చెవి పెట్టి ఉండేది. చప్పట్లు ఆగిపోతే మాత్రం "ఏవిటి, పడిందా?" అని అడిగేది.

ఇప్పుడు పద్ధతులు వేరు. పిల్ల కాస్త ఆలస్యమైతే ఫిజియోథెరపీ ఉంది, దానికి ఏసీ గది ఉంది, తల్లి భయపడకుండా చెప్పేవాళ్ళున్నారు. మంచిదే. ఆ రోజుల్లోనే అవన్నీ ఉండి ఉంటే నేను బస్సులో అలా బెంగపడేదాన్ని కాదు. ఇసకే పిల్లని కూర్చోబెట్టిందా, నూనె కూర్చోబెట్టిందా, దాని టైము వచ్చి అదే కూర్చుందా అని మా జానకి ఇప్పుడు నన్ను ఆటపట్టిస్తుంది. నాకూ తెలియదు. దానికి నలభై దాటాయి, స్కూల్లో లెక్కలు చెబుతుంది, నడకలో కాస్త నిదానం తప్ప ఇంకేమీ లేదు. కానీ మా పై అంతస్తు అమ్మాయి పేరు ఏమిటో ఈ డబ్బా వచ్చాకే అడిగి తెలుసుకున్నాను. ఒకవేళ వాళ్ళ బాబు పక్కకి వాలిపోతూ ఉంటే ఆ సంగతి నాకు తెలిసి ఉండేది కాదు, ఆ అమ్మాయి ఒక్కతే ఫోన్ చూసుకుంటూ తలుపు వేసుకుని ఉండేది. అది తల్చుకుంటే మాత్రం దిగులేస్తుంది. తలుపులు వేసుకోవడం మేమూ నేర్చుకున్నాం, వాళ్ళని అనడానికి లేదు.

జానకి మొదట కూర్చున్నది మెహరున్నీసా ఇంట్లో. గుడ్డ మూటలు ఒక్కొక్కటే తీసేస్తే, చివరి మూట తీసినా పడలేదట. నన్ను పిలిస్తే వెళ్ళి చూశాను. ఏడ్చాను. అత్తగారికి చెబుదామని లేచేసరికి అప్పలనరసమ్మ నా చెయ్యి పట్టి ఆపేసింది. "ఇప్పుడే వొద్దు. మల్లీ పడిపోతే ముసిల్దాని పానం ఆగదు. నాలుగు రోజులు సూద్దాం" అంది. ఆ నాలుగు రోజులు లైనులో ఆడవాళ్ళంతా ఒక రహస్యం దాచారంటే మీరు నమ్మాలి. కుళాయి దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుని పైట చెంగు నోట్లో కుక్కుకునేవారు.

తర్వాత ఒక సాయంత్రం, మా ఆయన ఇంకా షిఫ్టు నుంచి రాకముందు, అందరూ గిన్నెలు పట్టుకుని మా వాటా ముందుకొచ్చారు. ఒకరివి ఉప్పు కుడుములు, అప్పలనరసమ్మవి బెల్లం, కొబ్బరి పెట్టి చేసినవి. మెహరున్నీసా ఎప్పుడూ కుడుములు వండి ఎరగదు. ఆవిడవి నెయ్యి ఓడుతూ, యాలకుల వాసనతో, ఏ ఆకారమో చెప్పడానికి లేకుండా ఉన్నాయి. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఆ వాసన చూసి ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. "నన్ను ఎకసెక్కం చెయ్యడానికి వచ్చేరా అందరూ?" అంది.

"నేదు పెద్దమ్మా" అంది అప్పలనరసమ్మ. "నువ్వింక సెయ్యనన్నావు గదా, మేం సేసినాం. నీ మనవరాలు కూకుంది." చంకలోంచి జానకిని దించి, అరుగు మీద నున్నటి గచ్చు పైన కూర్చోబెట్టి, వెనక్కి జరిగింది.

మా అత్తగారు కదల్లేదు. తన కళ్ళని తనే నమ్మడం మానేసిన మనిషి ఆవిడ. మెల్లగా గోడ పట్టుకుని కిందికి వంగి, పాప పక్కన కూలబడింది. చెయ్యి చాపి గచ్చు తడిమి చూసింది, ఇసక లేదు. పాప ఒడి చుట్టూ తడిమింది, గుడ్డ లేదు. తర్వాత ఆ చెయ్యి పాప వీపు వెనక్కి పోనిచ్చి, వీపుకీ గోడకీ మధ్య అటూ ఇటూ ఆడించింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. మళ్ళీ ఆడించింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "వెనక ఏవీ లేదే" అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

అప్పలనరసమ్మ గిన్నెలోంచి ఒక కుడుము తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని ఊది ఊది చల్లార్చి, పాప ముందుకి చాపింది. అప్పటివరకు గచ్చు మీద ఆనించి ఉంచిన రెండు చేతులూ జానకి పైకెత్తింది. కుడుముని రెండు చేతులతో పట్టుకుని నోటికి తీసుకుంది. పడలేదు.